రందికి గడి లేదు

అంకీసల ఆ ఎండకాలం
తునికాకు కట్టలు లెక్కబెట్టే కల్లం కాడ
నేను మాటలు మోసిన.
దినానికి నాలుగు వందలు, చాయ్ వేరే.
నాగపూర్ నుంచి వచ్చిన ప్రాజక్త మేడం మరాఠీల అడుగుతది,
నేను తెలుగుల అడుగుత,
వచ్చిన జవాబును మళ్ళ మరాఠీ జేసి ఆమె ముందల పెడుత.
ఆమె సున్న నుంచి మూడు దాకా ఒక అంకె చుట్టు గీత గీస్తది.

మొదలు కాయిదం చదవాలె:
"ఇష్టం లేకుంటే ఎప్పుడన్న లేచి పోవచ్చు."
చదివిన.
కల్లం ముకద్దం పక్కకే కుర్సీ ఏసుకొని
పల్లు కుట్టుకుంట వింటున్నడు.
లేచి ఎవలు పోతరు?
నలభై ముగ్గురు వేలిముద్రలేసిన్రు.
తలా ఒక సబ్బు బిళ్ళ.
కూసున్న అరగంటకు ఎన్ని కట్టలు తక్కువ పడ్డయో
ఏ కాలంలోనూ లేదు.

ఐదో ప్రశ్న, మీరు నిరాశకు గురవుతున్నారా?
దుర్గం పోసక్క పుల్ల తీసి ఆకు సదురుకుంట
"నిరాశ ఎవల బిడ్డ?" అన్నది.
ఇద్దరం నవ్వినం.
మేడం మా మొకాలు చూసి పెన్ను ఆపింది.
నేను ఏం లేదన్న.

తర్వాత తప్పు చేసిన. లేకుంటే అదొక్కటే సరిగ జేసిననేమో.
ప్రశ్న మార్చిన.
"అక్కా, రంది ఉన్నదా?"

ఆమె చేతులు ఆగినయి.
మిరపచేన్లకు నది వచ్చి పండుకున్నదట, లేస్తలేదట.
పెద్దోడు చంద్రాపూర్ బొగ్గుల పడ్డడు, ఫోను కలువది.
కడుపుల ఏదో దేవినట్టు, పానం ఒక జాగల నిలువది.
"రెండు వారాల సంది ఎన్ని దినాలు, అక్కా?"
"రంది అంగడా బిడ్డా, వారానికోపారి వచ్చిపోనీకి?"

ఇదంత మేడంకు ఎట్ల జెప్పాలె.
"అప్పుడప్పుడు" అన్న.
ఆమె ఒకటి గీసింది.
ఆ ఒకటి నాది, పోసక్కది కాదు.

పదకొండో ప్రశ్నకు మాలు ముసలమ్మ.
ఆమెది మాడియా. మనుమరాలు నా తెలుగును అటు మోసింది.
ఎవలికి వినబడని గొంతు మీకు వినబడుతదా?
వినబడుతదన్నది, సంబురంగనే.
పొద్దుగూకంగ ముసలాయన పిలుస్తడట,
ఏ చెట్టు కల్లు దించాల్నో అడుగుతడట.
సచ్చి ఏడేండ్లు.
ఆయనకు చెప్పకుంట వాళ్ళు చెట్టెక్కరు.
మూడు. దాని పక్కకు ఎర్ర పెన్నుతోని చుక్క.
ఇంటి పెద్దమనిషిని తీవ్రమైన లక్షణం జేసి
సంచిల పెట్టుకొని పోయినం.

మూడేండ్లకు అచ్చయిన పేపరు వచ్చింది.
నా పేరు లేదు, "స్థానిక సహాయకుడు" ఉన్నడు.
ఎన్నిసార్లు కొలిచినా కొలత మారలేదట,
అందుకే నమ్మదగ్గదట.

మా నాయిన కిరాణంల కిలో రాయి ఒకటుండె.
అడుగు గీకిన రాయి.
ముప్పై ఏండ్లు ఎన్నిసార్లు పెట్టినా
ఒక్కటే తూకం చూపింది.
అంత నికరమైన రాయిని నేను మళ్ళ చూడలె.

ఇదే రాసి పంపిన, మరాఠీలనే, తప్పులతోని.
పది దినాలు ఏం లేదు.
ఒకనాడు రాత్రి ఫోను. మేడం.
పేపరు సంగతి తియ్యలె.
"ఆనాడు మీరిద్దరు ఎందుకు నవ్విన్రు?"

నిరాశ ఎవల బిడ్డ నుంచి మొదలుపెట్టిన.
వినుకుంట వినుకుంట ఆమె రాసుకుంటున్నది,
కాయిదం చప్పుడు వినబడుతున్నది.
"ఆ మాట మళ్ళొకసారి?"
రంది.
ద రాయున్రి మేడం, డ కాదు, డ పడితే తిట్టయితది.
"రం... ది. అంతేనా?"

అంత కాదు, అన్న.