తలుపు లేని గోడ

గరివిడి పశువుల ఆసుపత్రి గడప దగ్గర
పొద్దున్నే గంప దించింది అసిరమ్మ.
గంప మీద తడి గోనె, గోనె కింద డేగ పెట్ట.
"రేతిరి నూకలు తిన్నాది బావూ.
తెల్లారి సూస్తే కట్టి."

డాక్టరు గారు సెలవు. కత్తెర నాకే మిగిలింది.
పొట్ట తెరిస్తే కార్జమే కనిపించింది, ఇంక దేనికీ చోటివ్వకుండా.
దాని నిండా గడ్డలు,
ఉడికించి తొక్క తీసిన చామదుంపల రంగు.
అసిరమ్మ మొహం తిప్పుకోలేదు.
"అయితే దిష్టి కాదన్నమాట."

కాదు. కంటికి ఆనని పురుగు.
నాకు తెలిసిన నాలుగు ముక్కల్నీ
ఆమె చేతిలో పట్టేలా విరిచాను:
ఒంట్లో ప్రతి కణానికీ తలుపుంటుంది,
కావలసిన సరుకేదో తెచ్చుకోవడానికి.
పురుగు ఆ తలుపు గుండానే దూరుతుంది.
తల్లి ఒక్కతే ఇచ్చినా చాలు, తండ్రి ఒక్కడే ఇచ్చినా చాలు.
ఇద్దరూ ఇవ్వకపోతేనే
గోడ.
పురుగూ గుడ్డులోంచి రావచ్చు,
తలుపూ గుడ్డులోంచే.

చాలాసేపు మాట్లాడలేదు.
కొంగు చివర ముడి విప్పి, మళ్ళీ వేసింది.

"మా మెడబోడి పెట్టకి ఆరేళ్ళు బావూ, దానికేటీ అవ్వలేదు.
నెమలి పుంజుతో దిగిన పిల్లలు మట్టుకు
గుడ్డు పెట్టే ఈడుకొచ్చి రాలిపోనాయి.
ఓ పాలి పక్కింటోల్ల కాకి పుంజు కంచె దూకొచ్చినాది.
ఆ పదకొండు పిల్లల్లో
ఒక్కటి పోనేదు."

కత్తెర కడుగుతున్న చేయి ఆగిపోయింది.
పుస్తకంలో గళ్ళు గీసి చూపించే లెక్కని
ఈమె పెరట్లో మేత వేస్తూ పూర్తి చేసింది.

"ఆ కాకిని నానే రాయుచ్చుకు కొట్టినాను.
మా నెమలి పందెం నెగ్గినాది గదా,
ఈదంతా దాని గుడ్లే అడిగినారు. నానే పంచినాను."

"కాకి పుంజు ఉందా ఇంకా?"

"గౌరీపున్నానికి కోసీసినారు."

గొయ్యి తీసి, సున్నం చల్లి, డేగని పూడ్చాను.
రిజిస్టర్లో చావు కారణానికి ఒక గడి ఉంది, నింపాను.
ఆమె చెప్పినదానికి గడి లేదు.
అట్ట వెనక రాసుకున్నాను, పెన్సిల్‌తో.

బయట కొళాయి దగ్గర గంపని మూడుసార్లు కడిగి
ఎండలో బోర్లించింది.
ఆరేదాకా పక్కనే కూర్చుని
వేళ్ళు మడుస్తోంది:
ఆ పదకొండూ ఎవరెవరికి అమ్మిందో,
ఏ ఇంటి చూరు కింద
ఓ నల్లపిల్ల ఇంకా
కంచె దూకే నడక నడుస్తోందో.