సందు

బ్ర్నోలో మా ఆఫీసు ఒకప్పుడు ఉన్ని మిల్లు.
మగ్గాలు ఆడిన చోట ఇప్పుడు బల్లలు,
బల్లల కింద ఏడు పెట్టెలు.
డిస్కులు ఖాళీ, సీడీ సొరుగైనా లేదు,
ఇంకా పేరు పెట్టని పసివాళ్లు.

వాటిని ఒక్కొక్కటే లేపడం నా పని.
లేవగానే తీగలోకి కేక వేస్తాయి:
నేనెవర్ని? నాకేం పెడతారు?
నేలమాళిగలో సర్వరు అంకెల్లో ఓ చిరునామా ఇస్తుంది,
ఉమ్మడి ఫోల్డరు తలుపు తీస్తుంది,
ముందు కెర్నెలు, తర్వాత ప్యాకేజీలు,
విస్తట్లో వడ్డన లాగే దానికీ ఓ వరస.

రెండు వేల నూట పద్నాలుగు ప్యాకేజీలు.
పచ్చగీత పాకుతుంటే
నేను షాజీరా రొట్టె నములుతాను.
కిటికీ కింద ట్రాము మంచును గీరుకుంటూ పోతుంది.

ఆరు పెట్టెలు నిలబడ్డాయి.
పాస్ అని కొట్టి కొట్టి వేలు మొద్దుబారింది.
ఏడోది పరాయిది.
జాబితాలో లేని అంకె ఇచ్చి కావాలనే పంపాను.
దానికి నేను వినాలనుకున్న జవాబు ఒకటే:
అనుమతి లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడిగిన ప్రతివాడికీ పెడితే
అది ఇల్లు కాదు, సత్రం.

పచ్చగీత పాకింది.
పన్నెండు శాతం. నలభై.
రొట్టె పక్కన పెట్టాను.
నూరు.
ఏ భాష కావాలని మర్యాదగా అడిగింది
పరాయి పెట్టె, మా ఇంటి మనిషిలా.

ఇంత అందంగా గెలిచిన ఓటమిని
పదకొండేళ్లలో చూడలేదు.

ఓటాకార్‌కు ఫోన్ చేశాను. ఆ ఫైలు రాసింది అతనే.
"చదువు" అన్నాడు నిద్రగొంతుతో.
ఫోల్డరు పేరు, చిరునామా, బ్రాకెట్లో 'చదవడానికి మాత్రమే'.
"మళ్లీ చదువు. ఈసారి ఖాళీలతో సహా."

చిరునామాకీ బ్రాకెట్టుకీ నడుమ
ఒక్క సందు.
బొటనవేలు ఒకసారి ఎక్కువ వాలింది, అంతే.
అతికించి రాస్తే: ఈ ఆరుగురికి.
విడదీసి రాస్తే: ఈ ఆరుగురికీ, లోకానికీ.

"మా నానమ్మ ఈ మిల్లులోనే చేసేది" అన్నాడు,
"కళ్లు మూసుకుని గుడ్డ మీద అరచెయ్యి నడిపి
తప్పిన పోగు చెప్పేసేది.
ఉంటే ఇవాళ నా చెవి మెలేసేది."

సందు మూశాను. ఏడోదాన్ని తుడిచి మళ్లీ లేపాను.
కేక వేసింది.
ఎర్రటి అక్షరాలు: అనుమతి లేదు.
పాస్ అని కొట్టాను.

అది మాత్రం మానలేదు,
ముప్పై సెకన్లకోసారి తలుపు తడుతూనే ఉంది.
మిగిలిన రొట్టె చేతిలోనే ఉంది నాకు.
తినలేక
ముందు దాని స్విచ్ ఆపాను.