మాట చెప్తెనే గడియ

మూడుసార్లు చెరిపి ఇట్ల రాసిన:
"హన్మకొండల రూము. ఒక మంచం ఖాళీ.
ఆడపిల్లలకే. కిరాయి సగం, కరెంటు సగం.
నల్లా రోజు విడిచి రోజు."
ఇంటి నంబరు రాయలె.
నైటు డ్యూటీలుంటయని రాసి తీసేసిన,
ఏ రాత్రి ఇల్లు ఖాళీగుంటదో
నా నోటితోనే చాటింపు ఎందుకని.
ఫోటోల గోడ, ఇనుప మంచం, కిటికీ.
కిటికీ అవతలి పద్మాక్షి గుట్టను మటుకు
బొటనవేలుతోటి కోసి పక్కకు పడేసిన.
గుట్ట కనబడితే తొవ్వ దొరుకుతది తెలిసినోనికి.

మొదటి ఫోను పొద్దుగూకంగ.
"మా చెల్లెకు" అన్నడు.
చెల్లె పేరేందంటే
పేరు ఎతుక్కునేంత సేపు పట్టింది.
పెట్టేసిన.

రెండోది మెసేజి. మిలిటరీల పనిచేస్తదట.
చూడకుంటనే నచ్చిందట. అడ్వాన్సు ఇప్పుడే పంపుతదట,
గీ గళ్ల బొమ్మను స్కాను చేసి
పిన్ను కొడితే చాలట.
నాకు పైసలొచ్చేటందుకు నా పిన్ను ఎందుకే తల్లీ?
ఇంటామె కొమురవ్వకు చూపిస్తె
వక్క కొరుక్కుంట అన్నది:
"చూడని బర్రెకు బయాన ఇచ్చెటోడు
బర్రెకు రాలె బిడ్డా,
కొట్టం ఎక్కడున్నదో చూడవచ్చిండు."

మూడోది ఒట్టి ప్రశ్నలే.
లోపట గడియ ఉన్నదా?
తాళంచెవులు ఎన్ని? మీరు కాక ఇంకెవరి దగ్గర?
మీకోసం వచ్చెటోళ్లు ఎవరెవరు?
కోపమొచ్చింది. రూము నాది,
అడిగెటిది నేను గదా.
తెల్లారి ల్యాబుల
నా సూదిని చూసి మొఖం తిప్పుకునే ఒక ముసలాయన
"నీ చెయ్యి మంచిదేనా బిడ్డా" అన్నంక సమజైంది,
ఆమెకు నేను ఒట్టి పదంకెల నంబరునని.

ఇల్లు చూపియ్యలె ముందుగాల.
చౌరస్తల చాయ్ హోటలు, పట్టపగలు పదకొండింటికి.
వెనక బల్ల కాడ మా రుబీనాను కూసోబెట్టిన,
నేను చున్నీ సవరిస్తె ఫోను చెయ్యాలె.
వచ్చింది. మాలోతు ఈశ్వరి. గూడూరు దిక్కు తండా.
బ్యాంకు పరీక్షల కోచింగు.
ఆధారు నకలు బల్ల మీద పెట్టింది,
ఆఖరి నాలుగు అంకెలు విడిచి
మిగిలినయన్ని నల్ల పెన్నుతోటి కొట్టేసి ఉన్నయి.
"మీది?" అన్నది.
నా దవాఖాన కార్డు తీసిన.
ఫోటోలల్ల ఇద్దరం దొంగల లెక్కనే ఉన్నం.
నవ్వినం. నవ్వుకుంట మరిచిపోయి చున్నీ సవరించిన.
ఫోను రాలె.
వెనకకు చూస్తె రుబీనా
ఎవరో పిల్లతోటి మిర్చి బజ్జి సగం చేసుకుంటాంది.
ఆ పిల్ల ఈశ్వరి చిన్నమ్మ బిడ్డట.
దగ్గితె లేవాలని చెప్పి తెచ్చుకున్నదట.

ఆమె పాత హాస్టలు వార్డెనుకు నేను ఫోను చేసిన.
ఆమె మా కొమురవ్వకు చేసింది.
"కిరాయి ఆపది, గిన్నెలు ఆపుతది" అని చెప్పిందట నా గురించి.
ల్యాబు చీటీ వెనక రాసుకున్నం:
గ్యాసు సగం, ఇంటికి ఎవరన్న వస్తె ఒకరోజు ముందు చెప్పాలె,
నెల చూసుకుందాం, పొసగకుంటె కొట్లాట లేకుంట.
తలుపుకు ఒక మాట. అది చీటీల రాయలె.

మూడో నాడే నాకు నైటు పడ్డది.
ఇంకా చీకటుండంగనే వచ్చిన. తాళంచెవి ఉన్నది,
లోపట గడియ ఉన్నది.
"ఎవరు?"
"నేనే, సారక్కను."
"మాట?"
ఒళ్లు మండింది. కండ్లల్ల ఇసుక పోసినట్టున్నది.
గొంతు గుర్తుపట్టిందని నాకు తెలుసు.
నాకు తెలుసని ఆమెకూ తెలుసు.
పాలపాకెట్ల పిలగాడు మెట్ల మీద ఆగి చూస్తాండు.
తలుపు సందుకు మూతి ఆనిచ్చి
మెల్లగ అన్న:
"సగం మిర్చి బజ్జి."

గడియ కదిలింది.
చెప్పులు ఇడువక ముందే, అక్కడనే నిలబడి
ఫోను తీసి
ప్రకటన తీసేసిన.