అరవై రెండు డిగ్రీలు

కళ్లెం పట్టుకుందామని వచ్చాను.
ముళ్లపార చేతికిచ్చారు.

కిల్డేర్‌లో జనవరి. తెల్లవారుజాము ఐదున్నర.
ఆకాశం ఇంకా బోర్లించిన గాబు.
నలభై రెండు తలుపులు, నలభై రెండు గుర్రాలు,
ఒక్కో తలుపు వెనక
రాత్రంతా తొక్కుడు పడ్డ గోధుమ గడ్డి.
తడిసింది బండిలోకి, తడవనిది గోడ వారకి,
మధ్యలో లద్దెలు
బియ్యంలో రాళ్లేరినట్టు ఏరాలి.
"మంచి గడ్డి పారేస్తే డబ్బు పోతుంది,
చెడ్డ గడ్డి ఉంచితే డెక్క పోతుంది"
అన్నాడు మలాకీ మొదటి రోజు.
ఆ తర్వాత పాఠాలేమీ చెప్పలేదు.

గుర్రాలన్నీ హానఫిన్ గారివి.
ఆవిడ చేతిలో స్టాప్‌వాచీ, ఆవిడ నోట్లో గుర్రాల తాతముత్తాతలు.
కుప్ప మాత్రం మలాకీది, ముప్పై ఒక్క ఏళ్లుగా.
మురుగు వాగు వైపు దిగకుండా చుట్టూ సిమెంటు కట్ట,
పైన టార్పాలిన్, దాని మీద పాత టైర్లు,
పెట్టె అంచుల్లా నిటారుగా కోసిన మూలలు.
ఏ బండి ఎక్కడ దిమ్మరించాలో వేలితో చూపిస్తాడు,
పెళ్లి పందిట్లో వడ్డన చూసే పెద్దమనిషిలా.

ఆరడుగుల ఊచ, దాని కొసన థర్మామీటరు.
కుప్ప గుండెల దాకా దించి
కళ్లజోడు మీది మంచు తుడుచుకుని
నూనె మరకల పుస్తకంలో రాస్తాడు: అరవై రెండు.
చలికి వేళ్లు కొయ్యబారినప్పుడు
నేనా ఆవిరిలో చేతులు పెట్టుకునేదాన్ని.
"దీనికి జ్వరమా?" అన్నానొకసారి.
"జ్వరం కాదు పిల్లా, పని చేస్తోంది."

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
నా బండిని చేత్తో ఆపాడు.
"ఇది పదిహేడో తలుపుదా?"
సిల్వర్ థింబుల్. ఆ పొద్దునే మైదానంలో
ఆ వారానికెల్లా వేగంగా పరిగెత్తిన ఆడగుర్రం.
మలాకీ చేతి తొడుగు తీసేసి
ఒక లద్దె విరిచాడు, రొట్టె విరిచినట్టు.
చిన్నది. గట్టిది. పైన తెల్లటి జిగురు పొర.
"నిన్న రాత్రి నుంచి ఎన్ని?"
లెక్కపెట్టలేదన్నాను.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
టోపీ తీసి చంకలో పెట్టుకుని
ఆఫీసు మెట్లెక్కాడు.
అతన్ని ఆ మెట్ల మీద చూడటం నాకదే మొదలు.

సాయంత్రానికి అది పొట్ట వైపు తిరిగి చూసుకోవడం మొదలెట్టింది.
ముక్కులోంచి గొట్టం, గొట్టంలోంచి నూనె,
డాక్టరు వెళ్తూ, "నడిపించండి" అన్నాడు, "చూడండి."
వానలో నడిపించాం. లాంతరు చుట్టూ
నేనో గంట, మలాకీ ఓ గంట,
పట్టు కోటు మీద గోనెపట్టా కప్పుకుని హానఫిన్ గారో గంట.
ఎవరూ మాట్లాడలేదు.
లక్షల యూరోల గుర్రం, దాని రక్తం, దాని వంశం
అన్నీ ఒక్క పేగు మలుపు దగ్గర ఆగి ఉన్నాయి.

మూడూ పది.
తోక లేచింది.
రాళ్ల మీద తడిగా, మెత్తగా, వరసగా పడ్డ ఆ చప్పుడుకి
హానఫిన్ గారు గోడకు ఆనుకుని ఏడ్చేశారు.
నేను లెక్కపెట్టాను. పైకే లెక్కపెట్టాను.
మర్నాడు పుస్తకంలో
అరవై రెండు పక్కన, పెన్సిల్‌తో, ఇంకో అంకె:
పదకొండు.

శుక్రవారం మొనహన్ నుంచి లారీ వస్తుంది.
పుట్టగొడుగులవాళ్ల టియర్నన్
మోచేతి దాకా కుప్పలో పెట్టి తడుముతాడు,
రంపప్పొట్టు తగిలిందా, బేరం లేదు.
"గడ్డేనయ్యా, గడ్డే" అంటాడు మలాకీ, కూతుర్ని పంపేవాడిలా విసుగ్గా.
మూడు వారాల పని ఒక పూటలో ఎత్తుకుపోతారు.
వాసన మలుపు దాకా లారీ వెనకే పోయి తిరిగొస్తుంది.

ఇప్పుడు నాకు జీను ఇచ్చారు, వారానికి రెండు రోజులు.
ఊళ్లో కొట్లో నీలం డబ్బాలో తెల్లటి గొడుగులు చూస్తే
ఏ తలుపువో అనుకుంటాను,
ఇంటికి తెచ్చి వెన్నలో వేయిస్తాను, ఎవరికీ చెప్పను.

లారీ పోయాక మలాకీ
కడిగిన సిమెంటు మీద నిలబడి ఉంటాడు
చేతిలో ఊచతో, గుచ్చడానికేమీ లేక.
నేను పదిహేడో తలుపు బండి తోసుకొస్తాను.
చుట్టూ చూస్తాడు, మొత్తం ఖాళీయే.
చాలాసేపు ఆలోచించి
"ఆ మూల" అంటాడు.