తీపినీటి గుర్తు

బూ రాషిద్ తెచ్చిన పటం
బిస్కెట్ డబ్బాలో చుట్టగా ఉంది.
వాళ్ళ నాన్న పడవ మీద కూర్చుని గీశాడట,
ముత్యాల మిట్టలు ఎక్కడెక్కడున్నాయో
ఏ మిట్టకి ఏ చుక్కని పట్టుకుని వెళ్ళాలో.
నూనె మరక ఒకటి ద్వీపంలా ఉంది.
ద్వీపం ఒకటి మరకలా ఉంది.
"ఏది ఏదో నేను చెప్తా, నువ్వు గియ్యి" అన్నాడు
ఎనభై దాటిన మనిషి, తనకొచ్చిన హిందీలో.

పుస్తకానికి ఏడు పటాలు కావాలి.
పగలంతా మనామాలో, ప్రెస్సులో, సూపర్ మార్కెట్ కరపత్రాలు:
టమాటా కిలో ఇంత, కోడి ఇంత.
రాత్రి ఎనిమిది తర్వాత సముద్రం.

మొదట స్కాన్ చేసి కోరెల్‌కే అప్పజెప్పాను.
నిమిషంలో గీసి పెట్టింది తీరాన్ని,
నాలుగు వేల బిందువులతో.
కాగితం ముడతని కూడా ఒడ్డే అనుకుంది,
ఈగ రెట్టకి కూడా రేవు కట్టింది.

చెరిపేశాను.

పెడనలో మా నాన్న అచ్చులు చెక్కేవాడు,
టేకు దిమ్మల మీద, కలంకారీ అద్దకానికి.
పక్కన కూర్చుంటే ఒకటే మాట:
"గీత సాగే చోట చెయ్యి పెట్టకు,
అది దానంతటదే పోతుంది.
తిరిగే చోట కాచుకో."
ఆయన ఉలి నాకు రాలేదు, మౌసు వచ్చింది.
మలుపు మలుపుకీ ఓ బిందువు దిగ్గొట్టి
రెండు వైపులా పిడులు పట్టి లాగితే
ముహారక్ ఒడ్డు అరవై ఒక్క బిందువుల్లో ఒదిగింది.
రెండుసార్లు లెక్కపెట్టాను. చెప్పడానికి ఎవరూ లేరు ఆ పూట.

కింద పొరలో ఉపగ్రహం తీసిన ఫొటో పరిచి చూస్తే
రెండు ఒడ్లూ కలవలేదు.
సముద్రాన్ని పూడ్చుకుంటూ ఊరు ముందుకి నడిచిపోయింది.
మా ప్రెస్సు, కింద లాండ్రీ, మూలన కరక్ చాయ్ కొట్టు,
నేను జీతం పంపే మనీ ఎక్స్ఛేంజి
పాత పటంలో మోకాటి లోతు నీళ్ళల్లో ఉన్నాయి.
ఒక్క క్షణం కాళ్ళు కుర్చీ మీదకి తీసుకున్నాను.

పేర్లు పెట్టేటప్పుడు ఇంకో గోల.
అతికించగానే అరబ్బీ అక్షరాలు
చేతులు వదిలేసి విడివిడిగా నిలబడ్డాయి,
తెల్లారుజామున క్యాంపు బస్సు కోసం వరసలో నిల్చున్నట్టు.
బూ రాషిద్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.
"మా ఊరి పేరుకి ఎముకలు విరిగాయి" అన్నాడు.
మా తెలుగూ ఇంతే, ఒత్తులు ఊడి పడతాయి అని
చెబ్దామనుకున్నా. ఒత్తుని హిందీలో ఏమంటారో తట్టలేదు.
షంషీర్ ఒక్కో పేరునీ వేరే మిషన్లో కూర్చి
గీతలుగా మార్చి పంపాడు.
ఇక అవి అక్షరాలు కావు, బొమ్మలు.
తప్పుంటే దిద్దడానికి లేదు.

ఆరో పటం మీద వేలు పెట్టి ఆగాడు.
అక్కడ ఏమీ లేదు, ఉత్త నీలం.
"ఇక్కడ అడుగున తీపినీళ్ళు ఊరేవి.
ఉప్పులో మునిగి, తోలుతిత్తి మూతిని ఊటకి ఆనించి
నింపుకుని పైకి వచ్చేవాళ్ళు.
నేనొక్కసారే తాగాను."

గుర్తుల పెట్టె అంతా వెతికాను.
లంగరు ఉంది, దీపస్తంభం ఉంది,
పెట్రోలు బంకు ఉంది, విమానం రెండు రకాలుంది.
ఉప్పు నడుమ తీపికి గుర్తు లేదు.

నాన్న అచ్చుల్లో ఒక మొగ్గ ఉండేది,
చీర అంచున ఖాళీ మిగిలితే అద్దే చిన్న దిమ్మ.
ఐదు బిందువులు చాలు దానికి.
గీసి, నీలం మీద తెల్లగా వదిలాను.

"ఏంటిది?"
"ఊట."

చాలాసేపు చూశాడు.
అవుననలేదు, కాదనీ అనలేదు.
"ఇంకొంచెం ఉత్తరానికి" అన్నాడు.
బాణం మీట నొక్కాను.
"ఇంకొంచెం."
నొక్కాను.
తెర మీద వేలు, వేలి కింద మొగ్గ,
ఏసీ నీళ్ళు బకెట్లో టప్ టప్ మని.
"ఇంకా."
కింద రోడ్డు మీద ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.
"బస్" అన్నాడు.

ఆ పొరకి తాళం వేశాను.