వాసన గడి

పొద్దున పదకొండు. కుర్చీలింకా
బల్లల మీద తలకిందులుగానే ఉన్నాయి.
జూబ్లీహిల్స్‌లో ఏ బారైనా ఈ వేళకి
నిన్నటి నిమ్మచెక్కల వాసనేస్తుంది.
వేస్తుందనే నమ్మకం మీద చెబుతున్నాను.
నా ముక్కు పని మానేసి పద్నాలుగు నెలలు.

ఈ సంగతి ఓనరుకి తెలీదు.
వోడ్కాలు తెచ్చిన మధుకిరణ్‌కి అసలే తెలీదు.
పట్టుచీరలు పరిచే కొట్టు గుమాస్తాలా
తొమ్మిది సీసాలు వరసగా నిలబెట్టి,
ఒక్కోదాని మెడ నిమురుతున్నాడు.

తెలిసింది ఓదెలుకే.
గ్లాసులు కడిగే పిల్లాడు. పిల్లాడంటే ఇరవై రెండేళ్లు,
జమ్మికుంట దగ్గర ఊరు, ఇంటిల్లిపాదీ తాళ్లెక్కినవాళ్లే.
లొట్టి కిందికి దిగకముందే
కల్లు పులిసిందో లేదో చెప్పే ముక్కు.
ఒకరోజు వంటగదిలో గ్యాస్ లీకవుతుంటే
నేనక్కడే నిలబడి సోడాలు లెక్కపెడుతున్నాను.
పరిగెత్తుకొచ్చి కట్టేశాడు. నా మొహం చూశాడు.
ఏమీ అడగలేదు.
మర్నాటి నుంచి నా పక్కనే ఉంటున్నాడు.

పచ్చ యాపిల్.
నేను గ్లాసు తిప్పి, కళ్లు మూసి, తల పంకిస్తాను.
ఓదెలు న్యాప్‌కిన్లు మడుస్తూ గొణుగుతాడు:
"షాంపూ అక్కా. రూపాయి పాకిటుది."
రాసుకున్నాను.
మామిడి.
"చెట్టును జూడలే ఇది. బడి ముంగట పుల్ల ఐసు."
వెనిల్లా అంటే బేకరీ ఎనుక రేకుడబ్బానట,
పుదీనా, పండ్ల డాక్టరు.
మిరపకాయ దగ్గర తుమ్మాడు,
అది నాకూ తెలిసింది. మంటకి ముక్కుతో పనేముంది?
నారింజ దగ్గర మాత్రం మడత ఆపేశాడు.
"నిజం తొక్క. కోఠిల జూసు బండి కాడ
బకెట్ల ఏసిపెడతరు సూడు, గది."
టిక్కు పెట్టాను.

"మేడమ్, మీ నోట్సే వేరు" అన్నాడు మధుకిరణ్.

ఇక మిగిలినవి మూడు, ఏమీ కలపనివి.
రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు,
ధర మటుకు ఉంది.
ఒకటి ఏడుసార్లు వడకట్టారట, ఒకటి గోధుమట,
ఒకదానికి ఏదో మంచుకొండ నీళ్లట.
ఐసులో పెట్టిస్తానన్నాడు. వద్దన్నాను.
చలిలో ఎవరైనా మర్యాదస్తులే.
మే నెల ఉక్కలో కాసేపు కూర్చోనీ,
ఎవరేంటో అప్పుడు తెలుస్తుంది.

ఓదెలు మొదటిది చూశాడు. "సూది మందు."
రెండోది. "సూది మందే. జర పెద్ద దవాఖాన."
మూడోది చూశాడు. మళ్లీ చూశాడు.
మోచేత్తో ముక్కు తుడుచుకుని ఇంకోసారి.
"ఏం లేదక్కా" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "ఉత్తదే."

నాలుక మీద వేసుకున్నాను.
గంజి వార్చిన గిన్నె అంచున ఆగే జిగట, అంతే బరువు.
మంట తోసుకు రాలేదు.
అరుగు మీద కూర్చుని, చెప్పులు విప్పి,
అప్పుడు లోపలికొచ్చింది.
ఊసేయమని పెట్టిన స్టీలు గ్లాసుని పక్కకు జరిపాను.
మింగాక గొంతులో ఒక గుండ్రటి ఖాళీ.
పద్నాలుగు నెలలుగా నేనుంటున్నది ఇందులోనే,
దీనికి అడుగుందని, అంచులున్నాయని
ఇవాళే తెలిసింది.

నారింజ రెండు పెట్టెలు. ఉత్తది నాలుగు.
ఫారంలో 'వాసన' అని ఒక గడి.
ఉత్తదాని ఎదురుగా పెన్ను ఆగిపోయింది.
ఓదెలు వైపు చూశాను.
"నాకు దొర్కలే. నీకు దొరికింది గద,
నువ్వే రాయి" అని
కుర్చీలు దించడానికి పోయాడు.

గడి ఇంకా నింపలేదు.
కిటికీ దగ్గర నుంచి అరుస్తున్నాడు:
"సందు చివర మిర్చి బండి పెట్టిండ్రక్కా!"
ఒక క్షణమాగి,
"నూనె నిన్నటిది."