కీమన్ అడుగు

గాజులపల్లె దాటినాక తారు అయిపోయింది.
ఫారెస్టు గేటు దగ్గర పేర్లు రాయించుకున్నారు:
ఐదు సైకిళ్ళు, ఆరుగురు మనుషులు.
ఆరో మనిషికి సైకిల్ రాదు.
"తొక్కేదెందుకు సార్,
ఇరవై రెండేండ్లు నడిచిన దారే గదా"
అన్నాడు కంబగిరి, పంచె ఎగ్గట్టుకుంటూ.

పట్టాలు లేవు.
పీకి, లారీలకెత్తి, ఏ కొలిమికి తోలారో.
స్లీపర్లు కొన్ని చుట్టుపక్కల గొడ్లపాకల్లో
దూలాలై నిలబడ్డాయట.
ఒకటి టీ కొట్టు ముందు బెంచీ అయింది.
పొద్దున మేం కూచున్నది దాని మీదే,
మేకులు దిగిన బొక్కల్లో
ఎవరో కుక్కిన బీడీ ముక్కలు.

మిగిలింది కట్ట ఒక్కటే.
ఎవరూ ఎత్తుకుపోలేని నిదానం.
ఇంజను ఆయాసాన్ని కొలిచి వేసిన వాలు ఇది,
నూరడుగులు పోతే ఒక్క అడుగు ఎత్తు,
అంతకు మించితే బొగ్గు ఒప్పుకోదు.
ఆ మర్యాద ఇన్నాళ్ళకు
మా మోకాళ్ళకు దక్కింది.

కంకర మీద చక్రం జారుతోంది.
రేల పూలు హ్యాండిల్‌కి తగిలి రాలుతున్నాయి.
ముందు కంబగిరి.
పొట్టి పొట్టి అడుగులు, అన్నీ ఒకే కొలత,
ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు.

"అదేం నడక పెద్దాయనా?" అడిగింది రమీజా.

"స్లీపరుకీ స్లీపరుకీ మూరన్నర ఎడం మ్మా.
ఒకటొకటి తొక్కితే పొట్టడుగు,
ఒకటిడిసి ఒకటి తొక్కితే తొడలు చీల్తాయి.
నేను పొట్టిదానికి అలవాటు పడితి.
పెండ్లిలో ఏడడుగులూ ఇట్లే ఏసినా,
మా ఆడమనిషి ఇంగా ఎక్కిరిస్తాది."

మధ్యాహ్నానికి లోయ వచ్చింది.
రాతి కాళ్ళు మాత్రం నిలబడ్డాయి,
మీద మోయడానికి ఏమీ లేదు.
సైకిళ్ళు భుజానికెత్తుకొని
బలుసు పొదలు పట్టుకొని కిందికి దిగాం.

కంబగిరి అంచున ఆగిపోయాడు.
"యెప్పుడూ పైనే.
కింద యెట్లుంటాదో నేను సూల్లేదు సార్."

దిగాడు.
స్తంభం మొదట్లో చెయ్యి పెట్టి,
మెడ వెనక్కి పడిపోయేంత పైకి చూశాడు.
తను రోజూ రెండుసార్లు
సుత్తితో తట్టుకుంటూ పోయిన ఎత్తును
ఒక చీమలాగా చూశాడు.
"అబ్బా. ఇంత పైనా నేనుండేది?"

తర్వాత వెతకడం మొదలెట్టాడు.
ఓ వానాకాలం చెయ్యి జారి పడిన స్పానరు.
జీతంలో పదకొండు రూపాయలు కోశారట.
మేం జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి విప్పి కూచుంటే
ఆయన కట్టెపుల్లతో ఆకులు తిరగేస్తూనే ఉన్నాడు.
దొరికినవి:
ఒక ముళ్ళపంది ముల్లు,
ఎలుగు తిని వదిలిన రేగ్గింజలు,
ఒక సీసా మూత.
"యాడికీ పోదులే, ఈడే ఉంటాది"
అని రొట్టెకు చెయ్యి చాచాడు.

వాగు రాళ్ళ మీద మాత్రం
ఆయన అడుగు మారింది.
ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి దూకుడు.
పిల్లోడు గట్టు దాటినట్టు.
అది నేనొక్కణ్ణే చూశాననుకుంటా.

అవతలి ఒడ్డెక్కి మళ్ళీ కట్ట అందుకున్నాం.
మళ్ళీ మూరన్నర.

బొగద ఇంకా కనపడకముందే
కొండకు ఆ పక్క, కొత్త లైను మీద
ఏదో గూడ్సు కూత వేసింది.
మాకు అది దూరం.
కంబగిరికి కాదు.
రమీజా సైకిల్ వెనక సీటు పట్టుకొని
గబుక్కున పక్కకు లాగాడు,
మమ్మల్నీ దిగమని చెయ్యి ఊపాడు.

కట్ట పక్కన, తంగేడు చెట్లలో
వరసగా నిలబడ్డాం.
ఎవరూ నవ్వలేదు.
ఖాళీ కట్ట వైపు ముఖం పెట్టి,
కుడిచెయ్యి కొంచెం పైకెత్తి,
ఆఖరి పెట్టె దాటేదాకా ఆయన చూశాడు.

"ఊఁ, పాండి" అన్నాడు.